వైరస్ మన ఇంటర్‌ఫెరాన్‌ని ఎలా పట్టేసుకుంటుంది?

ప్రశ్న: వైరస్ రాగానే మన సెల్స్ ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ వదులుతాయి కదండీ, కొన్ని వైరస్‌లు దాన్నే పట్టేసుకుంటాయట, అదెలా?

జవాబు: నిజమేనండీ. 1957లో కనిపెట్టిన ఈ ఇంటర్‌ఫెరాన్ పక్క సెల్ మీదున్న రిసెప్టర్‌కి, అంటే కబురు అందుకునే ప్రొటీన్‌కి, అతుక్కుంటేనే ఆ సెల్ అలర్ట్ అయ్యి, వైరస్‌ని పెరగనివ్వని ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. మశూచి టీకాలో వాడిన వ్యాక్సీనియా వైరస్ సరిగ్గా అక్కడే దెబ్బ కొడుతుంది, బీ18 అనే ప్రొటీన్‌ని సెల్ బయటికి వదిలేస్తుంది, అది టైప్ 1 అనే రకం ఇంటర్‌ఫెరాన్‌ని దారిలోనే గట్టిగా పట్టేసుకుంటుంది, ఇక అసలు రిసెప్టర్‌కి కబురే అందదు. నాకు మరీ ఆశ్చర్యం అనిపించేది ఏంటంటే, ఈ బీ18 ఇంకా ఇన్ఫెక్షన్ సోకని సెల్స్ పైన కూడా వెళ్లి అంటుకుని, వైరస్ అక్కడికి చేరకముందే వాటిని నిస్సహాయంగా చేసేస్తుంది. ల్యాబుల్లో సెల్స్‌లోకి ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే అణువు) ఎక్కించేటప్పుడు ఇంటర్‌ఫెరాన్ రియాక్షన్ తగ్గించడానికి ఇదే ప్రొటీన్ వాడుతుంటారు కూడా.