ఆర్‌ఎస్ బండి ప్లగ్గులూ, కాయిళ్లూ: అల్లుడికి ఓ ఉత్తరం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మూడో గేరులో గట్టిగా తొక్కితే నీ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ (1.8 టర్బో) 3,500 ఆర్‌పీఎం దాటగానే మిస్సింగ్ కొడుతోందనీ, అంటే సిలిండర్లో ఇంధనం అంటుకోక ఇంజను తడబడుతోందనీ, స్నేహితులంతా ఎర్ర కాయిళ్లు (ప్లగ్గులకు హెచ్చు వోల్టేజీ ఇచ్చేవి) వేయించమంటున్నారనీ రాశావు. వేయించు, తప్పులేదు. కానీ వరస మార్చు. ముందు ప్లగ్గులు, తర్వాత వైరింగ్, చివర కాయిళ్లు. కుళ్లిన వైరింగ్ మీద కొత్త కాయిల్ పెడితే నెల తిరక్కుండా అదే రోగం మళ్లీ వస్తుంది, డబ్బు మాత్రం తిరిగి రాదు.

ఇంతకీ బూస్ట్‌లోనే, అంటే టర్బో గాలిని ఒత్తి పంపుతున్నప్పుడే, ఎందుకు మిస్సవుతుంది? ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకాలంటే ఎంత వోల్టేజీ కావాలన్నది రెండిటి మీద ఉంటుంది: గ్యాప్ ఎంత, అక్కడి గాలి ఎంత ఒత్తుకుని ఉంది. టర్బో గాలిని కుక్కేకొద్దీ అదే గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ ఆ వోల్టేజీ ఇవ్వలేకపోతే రవ్వ పుట్టదు. పుట్టినా ప్లగ్గు లోపలి దారి వదిలేసి, కాయిల్ రబ్బరు బూటు చీలికలోంచి ఇంజను హెడ్డుకి దూకుతుంది. అందుకే ఐడిల్‌లో చక్కగా తిరిగే ఇంజను తొక్కగానే తడబడుతుంది. రీమ్యాప్ చేయించి (ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్పించి) బూస్ట్ పెంచిన బండ్లలో ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది.

ఏదైనా కొనేముందు స్కానర్ పెట్టు. వీసీడీఎస్ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్ల స్కానర్ సాఫ్ట్‌వేర్) ఉంటే మెజరింగ్ బ్లాక్ 015, 016 (రీడింగులు చూపే పేజీలు) తెరువు. మిస్‌లు సిలిండర్ల వారీగా లెక్క కనిపిస్తాయి. ఒక్క సిలిండరే చూపిస్తే దాని కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చు. మిస్ కాయిల్‌తో పాటు వెళితే కాయిల్ పోయినట్టు. వెళ్లకపోతే ప్లగ్గో, వైరో, ఇంజెక్టరో చూడాలి. నాలుగూ చూపిస్తే కాయిళ్ల జోలికి వెళ్లకు, బ్లాక్ 032 చూడు. ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజను కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె) ప్లస్ 10 దాటితే గాలి ఎక్కడో లీకవుతోంది, లేదా ఎయిర్ ఫ్లో మీటర్ తప్పు చెబుతోంది. మరో సంగతి: మన బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అచ్చం పెట్రోలుకి పెట్రోలు ఒకవంతైతే గాలి సుమారు 14.7 వంతులు కావాలి, దీనికి సుమారు 13.5 చాలు. అంటే ఇంజను దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ట్రిమ్‌లో కొంత ప్లస్ దానివల్లే వస్తుంది కాబట్టి 5, 6 కనిపిస్తే కంగారుపడకు.

ఇక ప్లగ్గులు. కంపెనీ ఇచ్చినది ఎన్‌జీకే పీఎఫ్ఆర్6క్యూ, ప్లాటినం మొన. రీమ్యాప్ లేని బండికి అదే మంచిది, ఇంకేం వెతకొద్దు. బూస్ట్ పెంచి ఉంటే బీకేఆర్7ఈ వేయి. ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని హెడ్డుకి త్వరగా లాగేస్తుంది, మొన ఎర్రబడి ముందే అంటించే ప్రమాదం తగ్గుతుంది. బదులుగా రోజూ ఊళ్లో రెండు కిలోమీటర్లే తిరిగితే మసి పడుతుంది. నికెల్ మొన కాబట్టి 15,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. ప్లగ్గులు నమ్మకమైన డీలరు దగ్గరే కొను, నకిలీలు బాగా తిరుగుతున్నాయి. థ్రెడ్డు గరుకుగా ఉన్నా, పింగాణీ మీద అక్షరాలు గోటికి రాలినా తిప్పి ఇచ్చెయ్.

గ్యాప్ విషయంలో బద్ధకించకు. పెట్టెలోంచి తీసినది 0.8 ఉంటుందని అనుకుంటాం గానీ, కొలిస్తే నాలుగు ప్లగ్గులూ నాలుగు రకాలుగా ఉండొచ్చు. స్టాక్ (రీమ్యాప్ లేని) బండికి 0.8 మిల్లీమీటర్లు, రీమ్యాప్ బండికి 0.7. అంతకన్నా తగ్గిస్తే రవ్వ బలహీనపడి ఐడిల్ గరగరలాడుతుంది. వైరు గేజ్‌తో కొలిచి, బయటి కొమ్మను మాత్రమే వంచు. మధ్య మొన మీద ఒత్తిడి పడితే లోపలి పింగాణీ పగులుతుంది, అది కంటికి కనిపించదు.

కాయిళ్లు తీసేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉంటే రబ్బరు సులువుగా వదులుతుంది. ప్లగ్గులకు మాత్రం పూర్తిగా చల్లారాలి, వేడి అల్యూమినియంలో తిప్పితే హెడ్డు థ్రెడ్డు పోతుంది. ప్లగ్గు విప్పేముందు గుంటలోకి గాలి కొట్టు, లేకపోతే ఇసుకంతా సిలిండర్లో పడుతుంది. గుంటలో నూనె కనిపిస్తే అక్కడే ఆగు. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చాకే ముందుకెళ్లు. నూనెలో నానిన బూటు ఉబ్బి చీలుతుంది, కొత్త కాయిల్ కూడా అలాగే పోతుంది. ఆ కవర్ నట్లు 10 న్యూటన్ మీటర్లే, ఎక్కువ బిగిస్తే స్టడ్డు తెగుతుంది. ప్లగ్గును ముందు వేళ్లతో, 16 మిల్లీమీటర్ల సాకెట్‌తో చివరిదాకా తిప్పి, తర్వాత టార్క్ రెంచ్‌తో 30 న్యూటన్ మీటర్లు బిగించు. థ్రెడ్డుకి గ్రీజు పుయ్యకు, పూస్తే అదే టార్క్‌కి ఎక్కువ బిగిసిపోతుంది. బూటు లోపల మాత్రం డైఎలెక్ట్రిక్ (కరెంటు పారని) గ్రీజు పల్చగా రాయి.

అసలు రోగం వైరింగ్‌లోనే ఎక్కువగా ఉంటుంది. ఇరవయ్యేళ్ల బండి, హైదరాబాద్ ఎండ, కింద ఇంజను వేడి. కాయిల్ కనెక్టరు దగ్గర వైరు తొడుగు పెళుసై ముట్టుకుంటే రాలిపోతుంది. టేపు విప్పి ఒక్కో వైరునీ వంచి చూడు. కాయిల్‌కి నాలుగు పిన్నులు. ఒకటోది కరెంటు, రెండు, నాలుగు ఎర్త్, మూడోది ఈసీయూ (ఇంజను కంప్యూటర్) నుంచి వచ్చే సిగ్నల్. తాళం తిప్పి ఒకటి–రెండు మధ్య, ఒకటి–నాలుగు మధ్య మల్టీమీటర్ పెట్టు, రెండు చోట్లా బ్యాటరీ వోల్టేజీయే రావాలి. అర వోల్టు పడిపోయినా ఒప్పుకోకు, ఎందుకంటే వోల్టేజీ తగ్గితే కాయిల్ నిండటానికి ఎక్కువసేపు పడుతుంది, పైన ఆర్‌పీఎంలో ఆ సమయం దొరకదు. ట్యాపెట్ కవర్ మీద బోల్టుతో ఉండే ఎర్త్ విప్పి, తుప్పు గీకి, మెరిసేదాకా తోమి బిగించు. చాలా బండ్లు ఈ ఒక్క పనితోనే బాగుపడతాయి.

వైర్లు మార్చాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఒక్కో కాయిల్‌కే పని పూర్తిచేసి తర్వాతిదానికి వెళ్లు. సిగ్నల్ వైర్లు అటూఇటూ అయితే సిలిండర్లు అంటుకునే 1-3-4-2 వరస తప్పి, ఇంటేక్‌లో పేలుతుంది. వేడికి ఆగే వైరు వాడు, ఇంటి వైరింగ్ ముక్కలు వద్దు. జాయింట్లు క్రింప్ చేసి, ష్రింక్ ట్యూబు వేసి, గుడ్డ టేపు చుట్టు.

ఇప్పుడు కాయిళ్లు. 1.8 టర్బో ఇంజను తొలి కాయిళ్లు ఎంత తరచుగా పోయాయంటే, 2003లో అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ వాటిని ఉచితంగా మార్చే కార్యక్రమం పెట్టింది. తర్వాత వచ్చిన సవరించిన కాయిల్ స్టాక్ బండికి చాలు. ఎర్ర తలవి ఆడి ఆర్8 కోసం చేసినవి, మంచివే, కనెక్టరు సరిపోతుంది. కానీ మన ట్యాపెట్ కవర్ గుంటలో గట్టిగా కూర్చోవు, అదురుకి పైకి లేచిపోతాయి. వాటిని పట్టి ఉంచే అడాప్టర్ ప్లేట్లు కూడా కొనాలి. నాలుగూ ఒకే రకం, ఒకేసారి వేయి. కాయిల్ డ్వెల్ టైమ్ (కరెంటుతో కాయిల్ నిండే సమయం) పెంచి ఇస్తామనే ట్యూనర్లను నమ్మకు, రవ్వ పెద్దదవ్వదు, కాయిల్ కాలిపోతుంది.

అంతా అయ్యాక కోడ్లు చెరిపి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2,500 నుంచి 5,500 దాకా లాగుతూ పక్కనున్నవాళ్లను 015, 016 చూడమను. అంకెలు సున్నా దగ్గరే నిలవాలి. చెకింజన్ లైటు మిణుకుమిణుకుమంటే వెంటనే కాలు తీసేయి. కాలని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండితే దానికయ్యే ఖర్చు ముందు ఈ కాయిళ్లు ఏపాటి?

పాత కాయిళ్లలో బాగున్నదాన్ని ఒకటి, 16 సాకెట్‌తో సహా డిక్కీలో పెట్టుకో.

ఇట్లు,
మీ మావయ్య