అద్దింట్లో ఎలక్ట్రిక్ స్టవ్‌కి విడి లైను: ఓనర్ ఫోన్‌లో ‘సరే’ అంటే చాలా?

ప్రశ్న: అద్దె ఫ్లాట్‌లో ఏడు కిలోవాట్ల నాలుగు పొయ్యిల ఎలక్ట్రిక్ స్టవ్ పెట్టుకుందామనుకుంటున్నాం. ఉన్న ప్లగ్గు ఆగదు, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగాలని ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఓనర్‌కి ఫోన్ చేస్తే ‘మీ ఇష్టం, చేయించుకోండి’ అన్నారు. ఇది చాలా? ఖాళీ చేసేటప్పుడు ఖర్చు అడగొచ్చా?

జవాబు: చాలదండీ. నోటిమాట చెల్లదని కాదు, రెండేళ్ల తర్వాత ఆయన ‘స్టవ్ పెట్టుకోమన్నాను గానీ గోడ కొట్టమన్నానా’ అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ముందు మీ అద్దె అగ్రిమెంట్ తీసి చదవండి, మార్పుల గురించి అందులో ఏం రాసుంటే అదే లెక్క. ఏమీ రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చూస్తాం. మీరు బిగించుకున్నవి ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నంతవరకే విప్పుకెళ్లొచ్చు, కానీ ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. స్టవ్‌తో పేచీ లేదు, విప్పి పట్టుకెళ్తారు. గోడ లోపల వేసిన వైరు లాగాలంటే మాత్రం మళ్లీ గోడ కొట్టాలి, పూడ్చాలి, రంగు వేయాలి, ఆ ఖర్చుకి వైరు వదిలేయడమే నయం. అందుకే గోడ మీదుగా పైపులో వేయించుకోమంటాను. చూడ్డానికి అంత బాగోదు, నిజమే.

ఖర్చు సంగతి. ఓనర్ చేయించాల్సిన రిపేరు నోటీసిచ్చినా చేయించకపోతే మీరే చేయించి అద్దెలో కోసుకోవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. కొత్త స్టవ్‌కి కొత్త లైను రిపేరు కాదు, మీ సౌకర్యం. ముందే ఒప్పించుకుంటే తప్ప ఆ డబ్బు రాదు, అడ్వాన్స్‌లో సర్దుకుంటాననీ అనకండి. పాత వైరింగే కాలిపోయి ఉంటే అది వేరే కథ, అప్పుడు నోటీసివ్వండి.

మీరు అడగనిదొకటి ఉంది, నా దృష్టిలో అసలు చిక్కు అదే: మీటరు లోడు. ఏడు కిలోవాట్లంటే 230 వోల్టుల మీద దాదాపు 30 ఆంపియర్లు. మీ వంటింట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది, దాన్లో పెడితే కొన్నాళ్లకి రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ పడుతుంది, ఆ తర్వాత ప్లాస్టిక్ కరిగిన వాసన. విడి లైను వేస్తే ఆ బాధ తీరుతుంది గానీ మంజూరైన లోడు, అంటే ఆ మీటరు మీద వాడుకోవడానికి కరెంటు సంస్థ (డిస్కం) ఒప్పుకున్న పరిమితి, మూడు కిలోవాట్లే అయితే మీరు దాన్ని దాటుతున్నట్టే. మంజూరైన దానికి మించి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 2011లో సీతారాం రైస్ మిల్ కేసులో చెప్పింది. ఆ సెక్షన్ కింద లెక్కగట్టేది రెట్టింపు టారిఫ్‌తో. మీటరు ఓనర్ పేరున ఉంటే నోటీసు వెళ్లేది ఆయనకి, ఆయన వచ్చేది మీ మీదకి. లోడు పెంచమని దరఖాస్తు ఆయన చేతే పెట్టించండి, డిస్కంకి కట్టే అదనపు డిపాజిట్ ఆ కనెక్షన్ పేరునే ఉండిపోతుంది కాబట్టి అది ఎవరు కట్టాలో, మీరు కడితే ఎలా తిరిగిస్తారో కూడా తేల్చుకోండి.

పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించాలి, ఇది కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల్లో ఉన్నదే. బల్బు, స్విచ్చు మార్చడం వేరు, కొత్త లైను వేరు. బిల్లు దాచుకోండి, రేపు ఏదైనా కాలితే మీ అజాగ్రత్త కాదని చెప్పడానికి అదే పనికొస్తుంది.

స్టాంపు కాగితం అక్కర్లేదు, ఓనర్‌కి వాట్సాప్‌లో ఇలా పెట్టండి: ‘మీరు ఫోన్‌లో ఒప్పుకున్నట్టు వంటింటికి విడి లైను వేయిస్తున్నాం, ఖర్చు మాది, ఖాళీ చేసేటప్పుడు స్టవ్ తీసుకెళ్తాం, వైరు వదిలేస్తాం, గోడ పూడ్చమని అడగరు, లోడు పెంపు దరఖాస్తు మీద సంతకం మీరు చేస్తారు. సరేనా?’ ఆయన ‘సరే’ అని జవాబిచ్చాకే పని మొదలుపెట్టించండి. ఫోన్ మార్చినా ఆ చాట్ పోగొట్టుకోవద్దు, కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకిచ్చే సర్టిఫికెట్‌తో దాఖలు చేయాల్సింది అదే. పని మొదలయ్యే ముందు మెయిన్ బోర్డు, వంటింటి గోడ ఫొటోలు తీసి అదే చాట్‌లో పెట్టేయండి.