థ్రాష్ అంటే ఏమిటో నాకు కళ్లంలో తెలిసింది

"బీట్, డిఫీట్, థ్రాష్, హ్యామర్, రౌట్, ట్రౌన్స్... గైడులో అన్నిటికీ ఓడించడం అనే రాశారు. పోటీ పరీక్షకి చదువుతున్నాను. ఏది ఎక్కడ వాడాలి?" అని అడిగారు.

ముందు ఆ గైడు పక్కన పెట్టేయండి. పదిహేనేళ్లుగా పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. ఆరు మాటల్ని ఒకే గాటన కట్టేసే ఈ జాబితాలు చేసినంత నష్టం వ్యాకరణం రాకపోవడం కూడా చేయలేదు. బీట్, డిఫీట్ మామూలు మాటలు, ఎక్కడైనా సరిపోతాయి. మిగతావాటిలో చాలావాటి వెనక ఒక పని ఉంటుంది. ఆ పని కళ్లారా చూసినవాడు మాట తప్పుగా వాడడు.

మాది కోనసీమ. 1996 సంక్రాంతికి నేను తొమ్మిదో తరగతి. కనుమ నాడు మా ఊరి కుర్రాళ్లకీ కాలవ అవతలి ఊరి కుర్రాళ్లకీ కబడ్డీ జరిగింది. ఆఖరి కూత దాకా ఎవరు గెలుస్తారో తెలియలేదు. మా పెదనాన్నగారి అబ్బాయి కూతకెళ్లి, ఇద్దరు కాళ్లు పట్టుకుని లాగుతున్నా పాకుతూ వచ్చి గీత ముట్టుకున్నాడు. మోకాళ్లు రెండూ దోక్కుపోయాయి. 31-29తో గెలిచాం.

బడిలో బోర్డు మీద రోజుకో వార్త ఇంగ్లీషులో రాసే పని నాది. సెలవులు అయ్యాక ఈ వార్తే రాశాను. గైడులో ఉన్న మాటల్లోంచి వినడానికి గట్టిగా ఉన్నదాన్ని ఏరి, మా ఊరు వాళ్లని థ్రాష్ చేసిందని పెట్టాను. మా ఇంగ్లీషు మాస్టారిది కాలవ అవతలి ఊరే. ప్రార్థన అయ్యాక బోర్డు ముందు ఆగి చదివి నన్ను పిలిచారు.

"ఏరా, రెండు పాయింట్లకి థ్రాషా?"

"గైడులో ఓడించడం అనే ఉందండీ."

"సాయంత్రం బడి వదిలాక నాతో రా. మీ నాన్నకి నేను చెబుతాలే."

ఆ రోజంతా టెన్షనే. సాయంత్రం ఆయన సైకిలు వెనక కూర్చుని కాలవ గట్టు మీదుగా వాళ్ల చేలోకి వెళ్లాను. సార్వా పంట కుప్ప విప్పి నూరుస్తున్నారు. మాస్టారి అన్నయ్యగారు, ఇంకో నలుగురు వరసగా నిలబడి పనలు ఎత్తి బల్ల మీద కొడుతున్నారు. దెబ్బ పడ్డప్పుడల్లా గింజలు జల్లున రాలుతున్నాయి. నూగు లేచి మెడ మీదా మోచేతి మడతల్లోనూ పడి ఒకటే దురద. మాస్టారు ఒక పన నా చేతికిచ్చి "కొట్టు" అన్నారు.

నాలుగు దెబ్బలు కొట్టాను. చాలనుకుని గడ్డి పక్కన పడేయబోతుంటే అన్నయ్యగారు అందుకుని వెన్నులు దులిపి చూపించారు. "ఇంకా గింజుంది బాబూ. ఇలా వదిలేస్తే పశువులు తింటాయి, మనం తినం." మళ్లీ కొట్టాను. పన తిప్పి కొట్టాను. భుజాలు పీకేశాయి. ఆఖరికి ఆయన ఒక వెన్నుని వేళ్ల మధ్య పెట్టి దూసి చూశారు. ఒక్క గింజ కూడా రాలలేదు. "ఆయ్, ఇప్పుడైంది" అన్నారు.

"అదిరా థ్రాష్ అంటే" అన్నారు మాస్టారు. "ఈ గడ్డిలో ఏమైనా మిగిలిందా? మొన్న ఆటలో మావాళ్ల దగ్గర ఇరవై తొమ్మిది మిగిలాయి."

ధాన్యం నూర్చడానికి వాడే థ్రెష్, చితకబాదడానికి వాడే థ్రాష్ రెండూ ఒకే పాత ఇంగ్లీషు మాట. అక్కడి రైతులు గోధుమ, బార్లీ పనల్ని నేల మీద పరిచి, పొడవాటి కర్ర చివర తోలుతో కట్టిన పొట్టి కర్రతో బాదేవారు. పనిముట్టు వేరు, గింజ రాలేదాకా కొట్టడం మాత్రం ఒకటే. అందుకే 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌ని నేను పిల్లలకి ఉదాహరణగా చెబుతాను. శ్రీలంక 50 పరుగులకి ఆలౌట్. సిరాజ్ 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. మనవాళ్లు ఒక్క వికెట్ కూడా పోగొట్టుకోకుండా 6.1 ఓవర్లలో కొట్టేశారు. అది థ్రాష్. గడ్డిలో గింజ లేదు.

మన తెలుగు కూడా ఈ కళ్లంలోనే తిరిగింది. ఎవరినైనా తూర్పారబట్టారంటే కడిగిపారేశారని కదా అర్థం. నిజానికి అది నూర్పు అయ్యాక చేసే పని. చేటతో ఎత్తి పోస్తే తాలూ పొట్టూ గాలికి ఎగిరిపోయి గట్టి గింజ కింద పడుతుంది. ఇంగ్లీషువాడు నూర్పు దగ్గర మాట తీసుకున్నాడు, మనం తూర్పార దగ్గర తీసుకున్నాం. ఉతికి ఆరేయడం చాకిరేవులో పుట్టింది. చిత్తు చేయడం కుస్తీది, అవతలివాణ్ణి వెల్లకిలా పడేసి వీపు నేలకి తగిలించడం. ఇప్పుడు టీవీలో ఆఖరి బంతికి గెలిచినా చిత్తు, మూడు పరుగులతో గెలిచినా చిత్తు అంటున్నారు. వీపు నేలకి తగలందే చిత్తు ఎలా అవుతుంది? ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. తెలుగులో కొలత పోగొట్టుకున్నవాడికి ఇంగ్లీషులో మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? కోత మిషన్లు వచ్చాక మా ఊరి పిల్లలే కళ్లం చూడలేదు. నేను ఇప్పటికీ ఏటా వాళ్లని ఏదో ఒక చేలోకి తీసుకెళ్లి, ఒక పన అడిగి తీసుకుని కొట్టి చూపిస్తున్నాను.

రౌట్‌కి మూలం లాటిన్‌లో విరిగిపోవడం. సైన్యం వరస విరిగి, ఎవరి దారిన వాళ్లు పారిపోవడం. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో మనవాళ్లు 36 పరుగులకే కుప్పకూలారే, ఒక్కరు కూడా రెండంకెల స్కోరు చేయలేదే, దానికి ఈ మాట సరిపోతుంది. హ్యామర్ కమ్మరి కొలిమిది. ఇనుము వేడి మీద ఉండగా ఆపకుండా అక్కడే కొట్టడం. 2014 ప్రపంచకప్ సెమీఫైనల్లో బ్రెజిల్ మీద జర్మనీ 29వ నిమిషానికే 5 గోల్స్ కొట్టింది, చివరికి 7-1.

ఫ్లాటెన్, అంటే నేలమట్టం చేయడం, మీరు అడగలేదు కానీ చెప్పాలి. నేను థ్రాష్ నేర్చుకున్న ఏడాదే నవంబరు 6న తుఫాను వచ్చింది. తెల్లారి లేచి చూస్తే మా కొబ్బరితోట అవతల ఉన్న రామాలయం ఇంటి అరుగు మీంచే కనబడింది. అంతకుముందు ఎప్పుడూ కనబడలేదు. మధ్యలో ఉన్న చెట్లన్నీ నేల మీద పడుకున్నాయి. ఎవరైనా ఒక జట్టు ఇంకో జట్టుని ఫ్లాటెన్ చేసిందని రాస్తే నాకు ఆ పొద్దున గుర్తొస్తుంది. ఆ స్థాయి ఓటమి కాకపోతే పిల్లల కాగితంలో ఆ మాట కొట్టేస్తాను.

పరీక్షలో సందేహం వస్తే ఇలా చూసుకోండి. ఆ వాక్యంలో నారోలీ (కొద్ది తేడాతో) అనే మాట పట్టిందంటే అక్కడ బీట్ గానీ డిఫీట్ గానీ పెట్టండి. నారోలీ థ్రాష్డ్ అని రాయడం కుదరదు. ట్రౌన్స్ ఎక్కడ పుట్టిందో నిఘంటువులే తేల్చలేదు కాబట్టి దానికి నేను పని చూపించలేను, భారీ తేడాతో గెలిస్తేనే వాడండి. తక్కువ తేడాకి ఎడ్జ్ అనే మాట ఉంది, అంచు మీద గెలవడం. ఆ రోజు కళ్లం నుంచి వచ్చాక, మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లి బోర్డు తుడిచి ఆ మాటే రాశాను. మాస్టారు చూసి, స్పెల్లింగులో నేను వదిలేసిన డి అక్షరం సుద్దముక్కతో మధ్యలో ఇరికించి క్లాసులోకి వెళ్లిపోయారు.