సంతకం లేని చోట నవల ఎవరిది?

ప్రశ్న: మాది కావలి. హైదరాబాదులోని ఒక మొబైల్ గేమ్ కంపెనీ తన ఆటలోని అంతరిక్ష ప్రపంచం ఆధారంగా తెలుగులో నవలల వరుస తేవాలని నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, కావలిలోని మా నలుగురికి తలా ఒక భాగం అప్పగించింది. పాత్రలు, కాలక్రమం, గ్రహాల వివరాలు ఒక ఉమ్మడి ఫైలులో కలిసి రాసుకున్నాము. దానిని ‘బైబిల్’ అనేవాళ్లము. నమ్మకం మీద ఒప్పందమేదీ రాసుకోలేదు. 2023 జూన్‌లో నేను రెండో భాగం ఇవ్వగా డిసెంబరులో నా పేరుతో వెలువడింది. అనుకున్న 60 వేలలో 25 వేలే ఇచ్చారు. నేను ప్రాణం పెట్టి సృష్టించిన వైద్యురాలి పాత్రను నాలుగో భాగం రాసిన మిత్రుడు మాటమాత్రమైనా చెప్పకుండా చంపేశాడు. 2025 జనవరి పునర్ముద్రణలో నా పేరు తీసి ‘రచయితల బృందం’ అని వేశారు. మనసు విరిగి వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను. పాత తేదీ స్టాంపు కాగితం మీద ఒప్పందం సృష్టించుకుంటే కేసు బలపడుతుందని తెలిసినవారు అంటున్నారు. న్యాయం ఎలా జరుగుతుంది?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ ఆవేదన ఆ వైద్యురాలి మరణం గురించే. కోర్టులో దానికి పెద్దగా విలువ లేదు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, వాటిని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. ఉమ్మడి ప్రపంచంలోకి మీరే పంపిన పాత్ర తరువాతి భాగంలో చనిపోవడం మీ నవలను వక్రీకరించడం కిందికి రావడం కష్టం.

మీ వ్యవహారాన్ని తేల్చేది ఒక్కటే: రెండో భాగం మీద హక్కును కంపెనీకి బదిలీ చేస్తూ మీరు ఎక్కడైనా సంతకం చేశారా? అమెరికాలో ఇలాంటి టై-ఇన్ నవలల (ఆట, సినిమా వంటివాటి ఆధారంగా రాసేవాటి) హక్కులు సాధారణంగా మూల ప్రపంచం యజమానికే చెందేలా ముందే ఒప్పందాలు రాసుకుంటారు. అది చదివినవారు ఇక్కడా డబ్బిచ్చి రాయించినవారిదే నవల అనుకుంటారు. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, మీరు జీతం మీద పనిచేసే ఉద్యోగి కానంతవరకు, మీరు రాసిన నవలకు మొదటి యజమాని మీరే. ఆ హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం మీ సంతకంతో లిఖితపూర్వకమైన బదిలీ ఉండాలి. కాగితం లేకపోవడం ఈ ఒక్కచోట మీకు కలిసివచ్చింది.

అయితే అది రెండువైపులా కోస్తుంది. ఆట ప్రపంచం కంపెనీది కాబట్టి ఆ నవలను మీరు సొంతంగా అచ్చు వేసుకోలేరు. ‘బైబిల్’ విషయం వేరు: ఒకరి రాత మరొకరి రాత నుంచి విడదీయలేనంతగా కలిసి ఉంటే అది ఉమ్మడి రచన అవుతుంది, మిగతా ముగ్గురి సమ్మతి లేకుండా మీరు ఒక్కరే దానిని ఎవరికీ ఇవ్వలేరు. విడివిడిగా రాసిన భాగాలు మాత్రం ఎవరివి వారివే.

గడువులు రెండున్నాయి, కలపవద్దు. రావలసిన 35 వేలకు రాతప్రతి ఇచ్చిన నాటి నుంచి మూడేళ్లు లెక్కించుకోవడమే క్షేమం. అంటే 2026 జూన్. మొదటి ముద్రణకు మీరే ప్రతి ఇచ్చారు కాబట్టి దానిని ఉల్లంఘన అనడం కష్టం. పేరు తీసేసిన పునర్ముద్రణే మీ అసలు ఫిర్యాదు: రచయితగా గుర్తింపు పొందే హక్కును 57వ సెక్షన్ ఇస్తుంది, నష్టపరిహారానికి లిమిటేషన్ చట్టం 88వ ఆర్టికల్ ప్రకారం ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్ల గడువు ఉంది. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు; దావా వేయాలి.

రొయ్యల గుంట కౌలుకు కాగితం లేనిదే ఎవరూ అడుగు వేయని మన ప్రాంతంలో నలుగురు చదువుకున్నవారు నవలల వరుసను నోటిమాట మీద నడపడం ఒక నిర్లక్ష్యం. అలిగి గ్రూపు నుంచి బయటికి రావడం అంతకన్నా పెద్దది, ఎందుకంటే మీ సాక్ష్యంలో చాలా భాగం అందులోనే ఉంది. పాత ఫోను ఉంటే దానిని చెరపకండి. ఉమ్మడి ఫైలులో ఎవరు ఏ తేదీన ఏమి మార్చారో చూపే చరిత్రను, మెయిళ్లను, మీ తొలి చిత్తుప్రతులను వెంటనే భద్రపరచండి. వీటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం అవసరం. రెండు ముద్రణల ప్రతులను బిల్లుతో సహా కొనండి.

స్టాంపు కాగితం సలహా ఇచ్చినవారి మాట మళ్లీ వినకండి. అమ్మినవారి రిజిస్టరులో కాగితం నంబరు, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. అబద్ధం అక్కడే బయటపడుతుంది. కోర్టులో వాడడానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పైగా కాగితం లేదన్న మీ బలాన్ని మీరే చేతులారా పోగొట్టుకుంటారు.

ముందుగా బాకీ, పేరు, పునర్ముద్రణ అనే మూడు అంశాలపై లాయరు నోటీసు ఇవ్వండి. దారికి రాకపోతే, కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటనే, అంటే నెల్లూరు జిల్లా పరిధిలోనే కాపీరైట్ దావా వేయవచ్చు, హైదరాబాదుకు పరుగెత్తనక్కరలేదు. దావా విలువ 3 లక్షలకు తగ్గకపోతే కమర్షియల్ కోర్టుల చట్టం వర్తిస్తుంది. తక్షణ నిషేధ ఉత్తర్వు కోరని పక్షంలో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి.

ఐదో భాగం ఆలోచన ఇంకా ఉంటే, మీ నలుగురూ కంపెనీతో ఇప్పుడు, నేటి తేదీతో ఒప్పందం రాసుకోండి. ‘బైబిల్’లో మార్పుకు చివరి మాట ఎవరిది, ఒకరి పాత్రను మరొకరు చంపాలంటే ఎన్ని రోజుల ముందు చిత్తుప్రతి చూపాలి, అట్టమీద పేర్లు ఏ వరుసలో ఉండాలి, ఒకరు తప్పుకుంటే వారి పాత్రలు ఏమవుతాయి అన్నవి అందులో ఉండాలి. హక్కుల కాలపరిమితి, ప్రాంతం తప్పక రాయించండి. రాయకపోతే చట్టం వాటిని ఐదేళ్లుగా, భారతదేశానికే పరిమితంగా భావిస్తుంది.