స్క్రైబ్ కోసం పెట్టే దరఖాస్తు గురించి

నల్లగొండ

చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులు.

రాయడం మొదలుపెట్టిన అరగంటకే నీ కుడిచేతి వేళ్లు బిగుసుకుపోతున్నాయనీ, అయినా సీఏ పరీక్షకు స్క్రైబ్‌ను, అంటే నువ్వు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని, అడగడానికి మొహమాటపడుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మొహమాటం సంగతి తరువాత చూద్దాం. ముందు దరఖాస్తు గట్టిగా ఉండాలి.

నేను డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాసిన రోజుల్లో "కుడిచేయి బలహీనత" అని మాత్రమే ఉన్న సర్టిఫికెట్ జతచేస్తే, చేయి బలహీనమైతే రాయలేరని ఇందులో ఎక్కడుందని అడిగి గుమస్తా కాగితాలు తిప్పి పంపాడు. ఆ రోజు అతని మీద మండిపడ్డాను గానీ, ప్రశ్నలో తప్పు లేదు. జబ్బు పేరు ఎంత పెద్దదైనా, దానివల్ల రాతకు ఏ ఇబ్బంది కలుగుతుందో సర్టిఫికెట్‌లో ఉండాలి. అందుకని ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నువ్వు ఏకబిగిన గంటసేపు రాసిన నోటుబుక్కు తీసుకువెళ్లి, మొదటి పేజీనీ ఆరో పేజీనీ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించు.

వైకల్యాన్ని లెక్కకట్టే సదరం క్యాంపులో నీ వైకల్య శాతం 40 కంటే తక్కువ వేశారని దిగులుపడకు. రాసేటప్పుడు చేయి పట్టేసే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, స్క్రైబ్ సౌకర్యాన్ని 40 శాతం దాటినవారికే పరిమితం చేయరాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ తీర్పును అనుసరించి కేంద్రం 2022 ఆగస్టులో నీలాంటివారి కోసం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ఆ 2022 మార్గదర్శకాల ప్రకారం ఒక్క డాక్టరు సంతకం చాలేది కాదు, సివిల్ సర్జన్ స్థాయి అధికారి అధ్యక్షతన నిపుణుల బోర్డు ధ్రువీకరించాల్సి ఉండేది. ఇప్పుడూ బోర్డు సంతకాలే అడిగితే అందరినీ ఒకచోట దొరకబుచ్చుకోవడానికే నాలుగు తిరుగుళ్లు పడతాయి కనుక, పరీక్ష ఫారం వచ్చేదాకా ఆగకు. ఫారం నమూనా మాత్రం సీఏ ఇన్‌స్టిట్యూట్ తాజా ప్రకటనలో ఉన్నదే వాడు.

దరఖాస్తులో "తగిన సహాయం చేయగలరు" అని వదిలేయకుండా, స్క్రైబ్ కావాలనీ, గంటకు 20 నిమిషాల చొప్పున మూడు గంటల పేపరుకు ఒక గంట అదనంగా కావాలనీ విడివిడిగా అడుగు. అనుమతి పత్రం చేతికి రాకపోతే మెయిల్ పంపి గుర్తుచెయ్యి. ఫోనులో "అయిపోతుందమ్మా" అన్న మాటను పరీక్ష సెంటర్లో ఎవరూ లెక్కచేయరు.

స్క్రైబ్‌ను వారు ఇచ్చినా, నువ్వే తెచ్చుకునే వీలున్నా, చెప్పి రాయించడం ఇప్పటినుంచే ఎవరితోనైనా సాధన చెయ్యి. నా పరీక్షలో నేను "లక్షా ఐదు వేలు" అంటే నాకు రాసిపెట్టిన కుర్రవాడు 1,50,000 వేశాడు, టోటలు కలవక పావుగంట పోయింది. అంకెలను ఒక్కొక్కటిగా పలుకు, పెద్ద మొత్తం వేసిన ప్రతిసారీ తిరిగి చదివించుకో.

సర్టిఫికెట్ జిరాక్సులు రెండు నా దగ్గరికి పంపించు. దరఖాస్తు ముసాయిదా రాయగానే చూపించు, పోస్టు చేసే ముందు ఒకసారి చదువుతాను.

మీ మామయ్య