తిరుపతిలో కోతుల వల్ల డెంగీ, చికున్‌గున్యా వస్తాయా?

లేదండి, మన దగ్గర ఈ జ్వరాలు కోతుల నుంచి రావట్లేదు, వైరస్ ఉన్న మనిషిని కుట్టిన దోమ ఇంకో మనిషిని కుడితే వస్తున్నాయి.

అలిపిరి, కపిలతీర్థం వైపు ఉండేవాళ్లకి ఈ డౌట్ ఎక్కువ, కోతులు మిద్దెల మీదే తిరుగుతాయి కదా. కానీ వీటిని ముఖ్యంగా మోసే ఏడిస్ ఈజిప్టై దోమ ఇళ్ల మధ్యే బతుకుతుంది, పగలే కుడుతుంది, మనిషి రక్తమంటేనే దానికి ఇష్టం, కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనక ట్రేలో, పాత టైర్లో నిలిచిన నీళ్లు చాలు గుడ్లు పెట్టడానికి, వారం పది రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. కోతి చేసే తప్పేదైనా ఉందంటే ట్యాంకు మూత లాగి పారేయడమే, అది మళ్లీ మూయాల్సింది మనమే.

అలాగని కోతుల్లో తిరిగే దోమ వైరస్‌లే లేవని కాదు. ఎల్లో ఫీవర్ అలాంటిదే, మన దేశంలో లేదు. 2016-18లో బ్రెజిల్‌లో అడవి దోమలు కుట్టి ముందు కోతులు గుంపులుగా చచ్చిపోయాయి, తర్వాత అడవి పక్కన ఉన్న మనుషులకి వచ్చింది. కోతుల చావు అక్కడ ముందస్తు హెచ్చరిక, జనం మాత్రం అవే అంటిస్తున్నాయని వాటినే కొట్టి చంపారు, పాపం.

ఇక్కడ అపోహంతా 'మంకీ ఫీవర్' అనే పేరుతో వచ్చింది. అది 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవిలో బయటపడ్డ వేరే జబ్బు, దాన్ని అంటించేది దోమ కాదు, అడవిలోని పిడుదులు.

కోతి కరిస్తే మాత్రం భయపడాల్సింది రేబిస్‌కి, వెంటనే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోండి.