ముఖం చేసేముందు

అమ్మలూ,

రోబోలకి ముఖాలు చేసే పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషమూ, టెన్షనూ రెండూ.

ముందు కళ్ళు, రెప్పలు, కనుబొమల సంగతి చూడు, నోరు తర్వాత. మోటార్ల చప్పుడు వినపడనీయకు. అసలైన నవ్వులో కంటి చుట్టూ ఉన్న కండరం కూడా కదులుతుందని 1862లోనే డ్యూషెన్ అనే ఫ్రెంచ్ డాక్టరు రాశాడు. అచ్చం మనిషిలా చేయాలని మాత్రం పంతం పట్టకు. దాదాపు మనిషిలా ఉండి ఎక్కడో తేడా కొట్టే ముఖం జడిపిస్తుందని 1970లో మసాహిరో మోరి అనే జపాన్ రోబో నిపుణుడు హెచ్చరించాడు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో సింథియా బ్రెజీల్ చేసిన కిస్మెట్ అనే రోబోని చూడు. పెద్ద కళ్ళు, ఎర్రటి పెదాలు, కదిలే చెవులు. మనిషి పోలికే లేదు, అయినా జనం దాంతో కబుర్లాడారు.

ఇక నా తప్పు. నేను చేసిన మొదటి ముఖానికి, ఊరికే ఉన్నప్పుడు కూడా చిరునవ్వు పెట్టాను. చూడగానే నచ్చాలని. పరీక్షకి ఒక పెద్దావిడ వచ్చింది. దాని ముందు కూర్చుని, పోయిన కొడుకు గురించి చెప్పడం మొదలుపెట్టింది. మాటల అర్థం దానికి తెలీదు, గొంతులో హెచ్చుతగ్గులే పట్టుకునేది. ఆవిడ గొంతు వణకలేదు, ముఖం కూడా చెక్కుచెదరలేదు. బాధంతా ముఖంలో కనపడి తీరాలని లేదుగా. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే సైకాలజిస్టు వాళ్ళు బోలెడు పరిశోధనలు తిరగేసి తేల్చిందీ అదే. అప్పటికి నాకా తెలివి లేదు. ఆ రోబో నవ్వుతూనే ఉంది, మధ్యమధ్యలో తల ఊపుతూ. ఆవిడ ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీకేం తెలుస్తుందిలే" అని దానితోనే అని, లేచి వెళ్ళిపోయింది.

నేను అద్దం వెనక నోట్స్ రాసుకుంటున్నాను. మొదట్లోనే వెళ్ళి ఆపాల్సింది. డేటా పాడవుతుందని కూర్చుండిపోయాను.

అందుకే చెబుతున్నాను, ఊరికే ఉన్న ముఖంలో ఏ భావమూ పెట్టకు. అర్థం కాకపోతే అర్థం కానట్టే కనపడనీ: తల కాస్త పక్కకి వంచి, కనుబొమలు దగ్గరికి. జాలి ముఖం అన్నిటికన్నా చివర చెయ్యి. అర్థం చేసుకోలేని దాని ముఖంలో జాలి చూపించి ఒంటరివాళ్ళని నమ్మించకు. నీకు తొందరెక్కువ, డెమో రోజు ఎవరో అడిగారని పెట్టేస్తావేమోనని నా భయం.

చిన్నప్పుడు నీ గుడ్డబొమ్మకి వెనకవైపు ఏడుపు ముఖం గీశావు, గుర్తుందా? ఎందుకే అంటే, "నేను ఏడ్చినప్పుడు ఇటు తిప్పుతా పెదనాన్నా" అన్నావు.

వేళకి తిను. మొదటి పరీక్షకి నన్ను పిలువు. అద్దం వెనక కాదు, వచ్చినవాళ్ళ పక్కన కూర్చుంటాను.

మీ పెదనాన్న